తెర మీద కనిపించిందంతా ఫైలులోకి ఎందుకు రాదు?

ఒక రాత్రి సర్వర్‌లో వేల ఫైళ్లను ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు కాపీ చేసే పని మొదలుపెట్టాను. అవుట్‌పుట్ అంతా లాగ్ ఫైలులోకి పోయేలా > గుర్తు పెట్టి, పనిని వెనక నడవనిచ్చి, అదే విండోలో వేరే పనులు చూసుకున్నాను. మధ్యమధ్యలో తెర మీద ఏవో ఎర్రర్ లైన్లు మెరిశాయి. ఎలాగూ లాగ్‌లో ఉంటాయి కదా అనుకుని తెర తుడిచేశాను. తెల్లారి లాగ్ తెరిస్తే కాపీ అయిన ఫైళ్ల పేర్లు వరసగా ఉన్నాయి, ఎర్రర్ ఒక్కటి కూడా లేదు. కొన్ని ఫోల్డర్లు అసలు కాపీయే కాలేదని రెండు రోజుల తర్వాత బయటపడింది. పర్మిషన్ లేదని కాపీ ప్రోగ్రాము ఆ రాత్రే చెప్పింది. నేను తుడిచేసినవి ఆ లైన్లే.

ఇలాంటి అనుభవం యూనిక్స్, లినక్స్, మ్యాక్ టెర్మినల్ (కమాండ్లు టైపు చేసి, జవాబును అక్షరాల్లోనే చూసే విండో) వాడే చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ‘టెర్మినల్‌ను రికార్డు చేయడం’ అని మనం ఒకే మాట వాడతాం గానీ, ఆ మాట కింద వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఒక ప్రోగ్రాము అవుట్‌పుట్‌ను దాచడం ఒకటి. టెర్మినల్‌కు వచ్చిన ప్రతి అక్షరాన్నీ దాచడం ఇంకొకటి. ఈ క్షణంలో తెర మీదున్న బొమ్మను దాచడం మరొకటి. మనం ఏ కమాండ్లు కొట్టామో రాసుకోవడం వేరే సంగతి. ఒకటి చేసి ఇంకోటి చేశామనుకున్నప్పుడే లాగ్‌లో ఖాళీలు కనబడతాయి.

(కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఫైళ్ల పేర్లు మాత్రం తెలుగులో పెట్టినా యూనిక్స్ కాదనదు. దానికి ఫైలు పేరంటే బైట్ల వరస, అంతే.)

కాగితం ఉన్న రోజుల్లో ఈ సమస్యే లేదు

యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. అప్పటి టెర్మినల్‌కు తెర లేదు. టెలిటైప్ మోడల్ 33 లాంటి యంత్రం ముందు కూర్చుంటే మనం కొట్టిందీ, కంప్యూటర్ చెప్పిన జవాబూ ఒకే కాగితపు చుట్ట మీద సెకనుకు 10 అక్షరాల చొప్పున అచ్చయ్యేవి. పని అయ్యాక ఆ కాగితం చింపుకుని పట్టుకెళ్లడమే. రికార్డు చేయడమనే పని విడిగా ఉండేది కాదు.

తెర ఉన్న టెర్మినళ్లు వచ్చాక వేగం పెరిగింది, కాగితం పోయింది. డెక్ సంస్థ 1978లో తెచ్చిన వీటీ100లో 24 వరసలు, వరసకు 80 అక్షరాలు. ఇరవై అయిదో వరస వస్తే మొదటిది పైకి జరిగి మాయమవుతుంది. ఆ మరుసటి ఏడాది బర్క్‌లీ యూనిక్స్ మూడో విడుదలలో స్క్రిప్ట్ అనే కమాండు వచ్చింది. పేరేమీ ఇవ్వకపోతే అది తన రికార్డును ‘టైప్‌స్క్రిప్ట్’ అనే ఫైలులో రాస్తుంది. టైపు కొట్టిన ప్రతి అని అర్థం. పోయిన కాగితాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నం ఆ పేరులోనే ఉంది. ఈ రోజు కొత్త లినక్స్‌లో స్క్రిప్ట్ నడిపినా అదే పేరుతో ఫైలు వస్తుంది.

ఒకే తెర, రెండు దారులు

యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకూ మొదలయ్యేసరికి మూడు దారులు తెరిచి ఉంటాయి. 0 అంటే లోపలికి వచ్చేది, స్టాండర్డ్ ఇన్‌పుట్. 1 అంటే ఫలితాలు బయటికి పోయేది, స్టాండర్డ్ అవుట్‌పుట్. 2 అంటే ఎర్రర్లు, హెచ్చరికలు పోయేది, స్టాండర్డ్ ఎర్రర్. మామూలుగా 1, 2 రెండూ ఒకే తెర మీదికి వస్తాయి కాబట్టి అవి వేరని కంటికి తెలియదు.

2వ దారి మొదట్లో లేదు. పైపులు 1973లో వచ్చాయి. డగ్లస్ మెకిల్‌రాయ్ ఏళ్ల తరబడి అడుగుతూ వస్తే కెన్ థాంప్సన్ వాటిని యూనిక్స్‌లో చేర్చారు. ఒక ప్రోగ్రాము అవుట్‌పుట్ నేరుగా ఇంకో ప్రోగ్రాములోకి పోవడం మొదలయ్యాక ఎర్రర్ సందేశాలు కూడా ఫలితాలతో కలిసి ముందుకు పోయేవి. 1975లో వచ్చిన ఆరో ఎడిషన్ దాకా అలాగే సాగింది, ఆ తర్వాత కొద్దికాలానికి ఎర్రర్లకు విడిగా దారి ఏర్పడింది. ఫలితం ఎటు మళ్లించినా ఎర్రర్ మనిషి కంట పడాలన్నది అందులోని ఆలోచన. ఆ రాత్రి నా తెర మీద ఎర్రర్లు మెరవడానికి కారణం అదే. నాకు చెప్పాల్సిన పని అది చేసింది.

చిన్న ఉదాహరణ. ఎల్ఎస్ అంటే ఫైళ్ల పేర్లు చూపే కమాండు. ‘ఉన్నది’ అనే ఫైలు ఉంది, ‘లేనిది’ అనే ఫైలు లేదు. ఇలా కొట్టాం:

ఎల్ఎస్ ఉన్నది లేనిది > ఫలితం

‘ఫలితం’ ఫైలులో ‘ఉన్నది’ అనే ఒక్క పేరే ఉంటుంది. ‘లేనిది’ దొరకలేదన్న ఫిర్యాదు తెర మీదికి వస్తుంది. > గుర్తు 1వ దారినే మళ్లించింది, 2 జోలికి పోలేదు. రెండూ ఫైలులోకి పోవాలంటే ఇలా రాస్తారు:

ఎల్ఎస్ ఉన్నది లేనిది > ఫలితం 2>&1

చాలామంది తడబడేది ఇక్కడే. 2>&1 ను ముందుకు జరిపి చూడండి:

ఎల్ఎస్ ఉన్నది లేనిది 2>&1 > ఫలితం

అవే గుర్తులు, వరస మారింది. ఇప్పుడు ఎర్రర్ మళ్లీ తెర మీదికే వస్తుంది. 2>&1 అనగానే రెండూ ఒకదానికొకటి ముడిపడిపోతాయని అనుకుంటాం. షెల్, అంటే మనం కొట్టిన లైనును చదివి కమాండ్లను నడిపే ప్రోగ్రాము, అలా ముడి వేయదు. ఎడమ నుంచి కుడికి చదువుతూ, ‘1 ఈ క్షణంలో ఎటు పోతోందో 2ను కూడా అటే పంపు’ అని మాత్రమే తీసుకుంటుంది. రెండో ఉదాహరణలో ఆ మాట చదివే సమయానికి 1 ఇంకా తెర వైపే ఉంది. కాబట్టి 2 తెరకు వెళ్లింది. ఆ తర్వాత 1 ఫైలు వైపు తిరిగినా 2 దాని వెంట పోదు.

ఫైలును తెరిచేది కూడా షెల్లే, కమాండు ఇంకా మొదలవక ముందే. అందుకే ‘పేర్లు’ అనే ఫైలును వరస పెట్టి మళ్లీ దాంట్లోనే దాచుదామని

సార్ట్ పేర్లు > పేర్లు

అని కొడితే ఉన్న పేర్లన్నీ పోతాయి. షెల్ ఆ ఫైలును రాయడానికి తెరుస్తూ ఖాళీ చేసేసింది, సార్ట్ లోపలికి చూసేసరికి ఏమీ మిగల్లేదు. >> పెడితే పాతది చెరగకుండా చివర చేరుతుంది.

టీ: చూస్తూనే దాచుకోవడం

> పెడితే తెర మీద ఫలితాలు కనబడవు. గంటల తరబడి నడిచే పనికి అది టెన్షన్. నీళ్ల గొట్టాన్ని రెండుగా చీల్చే ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారపు అతుకు ఉంటుంది కదా, దాని పేరే పెట్టిన టీ కమాండు వచ్చిన ప్రవాహాన్ని తెరకూ ఫైలుకూ రెండింటికీ పంపుతుంది:

మేక్ 2>&1 | టీ లాగ్

మేక్ అంటే సోర్సు కోడు నుంచి ప్రోగ్రామును తయారుచేసే (బిల్డ్ చేసే) కమాండు, | అనేది పైపు గుర్తు. ఇందులో ఒక మెలిక ఉంది. ప్రతి కమాండూ ముగిసేటప్పుడు ఒక అంకె వదిలివెళ్తుంది: 0 అయితే సవ్యంగా జరిగినట్టు, వేరే అంకె అయితే ఏదో చెడినట్టు. పైపుతో కలిపిన కమాండ్లలో మామూలుగా చివరిదాని అంకే మొత్తం పని అంకెగా లెక్క. పై లైనులో మేక్ విఫలమై 2 ఇచ్చినా, టీ తన పని తాను చక్కగా చేసి 0 ఇస్తుంది. ఈ అంకెను నమ్ముకుని ‘బిల్డ్ అయింది, సర్వర్ మీద పెట్టు’ అనే ఆటోమేషన్ స్క్రిప్టు ఉంటే విరిగిన బిల్డే ముందుకు పోతుంది. లాగ్ దాచుకుందామని చేర్చిన చిన్న ముక్క పని ఫలితాన్నే కప్పేసిందన్నమాట. ఇలాంటప్పుడు పనికొచ్చేది పైప్‌ఫెయిల్ అనే సెట్టింగు. అది ఉంటే పైపులో ఏ కమాండు చెడినా మొత్తం చెడినట్టే లెక్క. బ్యాష్ లాంటి షెల్లుల్లో ఇది చాలాకాలంగా ఉంది. యూనిక్స్ లాంటి వ్యవస్థలకు ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణంలో మాత్రం 2024 కూర్పుతోనే చోటు దొరికింది.

ప్రోగ్రాముకు తెర ఉందో లేదో తెలుసు

ఇంతవరకూ ప్రోగ్రాము ఎప్పుడూ ఒకే రకంగా మాట్లాడుతుంది, మనం దారి మాత్రం మారుస్తున్నాం అనుకుంటూ వచ్చాం. అది పూర్తి నిజం కాదు. అవతల ఉన్నది టెర్మినలా, ఫైలా, పైపా అని ప్రోగ్రాము కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను, అడగగలదు. చాలా ప్రోగ్రాములు అడుగుతాయి కూడా.

ఎల్ఎస్ తెర మీద పేర్లను వరసల్లో పరుస్తుంది. ఫైలులోకి పంపితే లైనుకు ఒక పేరు రాస్తుంది. రంగులు వేసే ప్రోగ్రాములు తెర లేదని తెలిస్తే రంగులు మానేస్తాయి. ప్రోగ్రెస్ బార్ మాయమవుతుంది. తర్వాత చదివే ప్రోగ్రాముకు రంగులతో పని లేదు కాబట్టి ఇది మంచి ఏర్పాటే. కాకపోతే ‘తెర మీద చూసిందే ఫైలులో ఉండాలి’ అనుకునేవారికి తేడా కనబడుతుంది.

ఇంతకన్నా లోతైన తేడా బఫరింగ్‌ది. ప్రతి లైనుకూ కెర్నెల్‌ను పిలవడం ఖర్చు. అందుకని చాలా ప్రోగ్రాములు వాడుకునే సి లైబ్రరీ అవుట్‌పుట్‌ను కొంత పోగుచేసి ఒక్కసారిగా పంపుతుంది. అవతల టెర్మినల్ ఉంటే లైను పూర్తవగానే పంపుతుంది, ఎందుకంటే అక్కడ మనిషి ఎదురుచూస్తున్నాడు. ఫైలో పైపో అయితే బఫరు నిండేదాకా ఆగుతుంది. లినక్స్‌లో పైపు మీద ఈ బఫరు సాధారణంగా 4096 బైట్లు.

లెక్క వేద్దాం. ఒక ప్రోగ్రాము సెకనుకు ఒక లైను, లైనుకు 32 బైట్లు రాస్తోంది. 4096ను 32తో భాగిస్తే 128. అంటే టీకి పైపు కట్టిన తర్వాత 2 నిమిషాల 8 సెకన్లు తెర మీద ఏమీ రాదు, ఆపైన 128 లైన్లు ఒక్కసారిగా పడతాయి. అంతసేపూ ప్రోగ్రాము ఆగిపోయిందేమో అనిపిస్తుంది.

ఆలస్యాన్ని భరించొచ్చు. భరించలేనిది ఇంకొకటి ఉంది. నూటఇరవయ్యో లైను దగ్గర ప్రోగ్రాము క్రాష్ అయితే బఫరులో ఉన్న 120 లైన్లూ ఫైలుకు చేరకుండానే పోతాయి. ఎందుకు క్రాష్ అయిందో తెలుసుకోవడానికి మనకు కావలసింది సరిగ్గా ఆ చివరి లైన్లే. స్టాండర్డ్ ఎర్రర్‌కు మామూలుగా బఫరు ఉండదు కాబట్టి అది వెంటనే చేరుతుంది. అందువల్ల రెండింటినీ ఒకే ఫైలులోకి పంపినప్పుడు, నిజానికి తర్వాత వచ్చిన ఎర్రర్ ఫైలులో ముందు కనబడొచ్చు. అలాంటి లాగ్‌లో ఏ లైను తర్వాత ఏ ఎర్రర్ వచ్చిందో వరస చూసి తేల్చలేం.

గ్నూ కోర్‌యుటిల్స్‌లోని ఎస్‌టీడీబఫ్ అనే కమాండు బఫరింగ్ పద్ధతి మార్చగలదు. సి లైబ్రరీ మామూలు పద్ధతిని వాడే ప్రోగ్రాముల మీదే అది పనిచేస్తుంది. సొంత బఫరు పెట్టుకున్న ప్రోగ్రాములు దాని మాట వినవు.

స్క్రిప్ట్ ఎక్కడ కూర్చుంటుంది

ప్రోగ్రాము తనకు తెర ఉందనే అనుకోవాలి, మనకు మాత్రం కాపీ దక్కాలి. స్క్రిప్ట్ కమాండు చేసేది ఇదే. కెర్నెల్‌ను అడిగి ఒక నకిలీ టెర్మినల్ తీసుకుంటుంది. దానికి రెండు కొసలు ఉంటాయి. ఒక కొసకు కొత్త షెల్‌ను తగిలిస్తుంది, అది నిజమైన టెర్మినల్ మీదే ఉన్నానని అనుకుంటుంది. రెండో కొసను స్క్రిప్ట్ తన చేతిలో పెట్టుకుని, అటు నుంచి వచ్చే ప్రతి బైటునూ మన తెరకూ ఫైలుకూ పంపుతుంది. దూరపు యంత్రంలోకి లాగిన్ కానిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వరు, ఒకే టెర్మినల్‌ను గడులుగా విడగొట్టే టీమక్స్, మన డెస్క్‌టాప్‌లోని టెర్మినల్ విండో అన్నీ ఈ నకిలీ టెర్మినళ్ల మీదే నడుస్తాయి.

> కు చిక్కనివి కూడా దీనికి చిక్కుతాయి. ఉదాహరణకు ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడిగే లైను 1, 2 దారుల్లో దేంట్లోనూ రాదు; ప్రోగ్రాము నేరుగా టెర్మినల్ పరికరాన్నే తెరిచి అక్కడ రాస్తుంది. స్క్రిప్ట్ ఆ టెర్మినల్‌నే కాస్తోంది కాబట్టి ఆ లైనూ దొరుకుతుంది.

అయితే ఫైలును ఎడిటర్‌లో తెరిచినప్పుడు చాలామంది కంగారు పడతారు. ఎల్ఎస్ కొట్టబోయి రెండో అక్షరం తప్పు కొట్టి, బ్యాక్‌స్పేస్‌తో సరిచేసుకున్నామనుకోండి. తెర మీద చివరికి మిగిలేది ఎల్ఎస్. ఫైలులో ఉండేది ఇదీ: ‘ఎల్’, తప్పు అక్షరం, ‘ఒక అడుగు వెనక్కి’ అనే బైటు, ‘ఇక్కడి నుంచి లైను చివరిదాకా తుడువు’ అనే ఎస్కేప్ సంకేతం, ఆ తర్వాత ‘ఎస్’. రంగు మార్చడానికీ, కర్సర్ కదపడానికీ ఇలాంటి సంకేతాలే వాడతారు. వీటీ100 నాటి సంకేతాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అదే ఫైలును క్యాట్‌తో తెర మీద పోస్తే శుభ్రంగా కనబడుతుంది, ఎందుకంటే మన టెర్మినల్ ఆ సంకేతాలన్నిటినీ మళ్లీ అమలుచేస్తోంది. అంటే స్క్రిప్ట్ దాచేది పాఠాన్ని కాదు, టెర్మినల్‌కు అందిన ఆజ్ఞల వరసను. ఇది అర్థమైతే టాప్, విమ్ లాంటి నిండు తెర ప్రోగ్రాముల రికార్డు ఎందుకంత గజిబిజిగా ఉంటుందో కూడా అర్థమవుతుంది. ‘కాల్ -బి’ అనే కమాండు బ్యాక్‌స్పేస్‌లను తీసేస్తుంది గానీ రంగుల సంకేతాల చెత్త కొంత మిగులుతుంది.

ఎవరో పంపిన రికార్డును ఆలోచించకుండా క్యాట్ చేయకపోవడమే మంచిదని భద్రత తెలిసినవాళ్లు చెప్పేది కూడా ఇందుకే. అవి ఆజ్ఞలు కదా, మన టెర్మినల్ వాటిని పాటిస్తుంది.

లినక్స్‌లోని స్క్రిప్ట్ ఏ ముక్క ఎప్పుడు వచ్చిందో విడి ఫైలులో రాసుకోగలదు. స్క్రిప్ట్‌రీప్లే దాన్ని చదివి, మనం ఆగినచోట ఆగుతూ సెషన్‌ను మళ్లీ ఆడిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: లినక్స్ స్క్రిప్ట్‌కూ, బీఎస్‌డీ, మ్యాక్‌లలోని స్క్రిప్ట్‌కూ పేరొక్కటే, వాడకం వేరు. లినక్స్‌లో ‘-టి’ అంటే సమయాలు రాసుకోమని. మ్యాక్‌లో అదే అక్షరం ఎన్ని సెకన్లకొకసారి ఫైలులోకి దించాలో చెబుతుంది, ఏమీ చెప్పకపోతే 30 సెకన్లు. ఒకచోట నేర్చుకున్న లైనును ఇంకోచోట అలాగే కొడితే కుదరదు.

తెర బొమ్మ వేరు, తెరకు వచ్చిన అక్షరాలు వేరు

టీమక్స్‌లో ఈ రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. పైప్‌పేన్ అనేది ఒక గడిలోకి వస్తున్న బైట్లను వచ్చినట్టే ఫైలుకు పంపుతుంది, స్క్రిప్ట్ లాగే, సంకేతాలతో సహా. క్యాప్చర్‌పేన్ అలా కాదు. సంకేతాలన్నీ అమలైపోయాక మిగిలిన తెరను పాఠంగా ఇస్తుంది. చదవడానికి రెండోదే హాయి. కానీ దానికి టీమక్స్ గుర్తుంచుకున్నంతే అందుతుంది. మనం మార్చకపోతే ఆ చరిత్ర గడికి 2000 లైన్లు. అంతకన్నా పైది పోయినట్టే.

యాస్కినీమా ఇంకో కోవది. నేర్పించడానికి, చూపించడానికి దాన్ని వాడతారు. దాని ఫైలులో మొదటి లైను తెర కొలతలు చెబుతుంది, ఆపై ప్రతి లైనూ ‘ఇన్ని సెకన్లకు ఈ అక్షరాలు వచ్చాయి’ అనే చిన్న జేసన్ (డేటాను పాఠంగా రాసే ఒక పద్ధతి) ముక్క. చూడ్డానికి వీడియోలా ఉన్నా లోపల అంతా పాఠమే కాబట్టి ఫైలు చిన్నది, ఆడుతుండగా మధ్యలో ఆపి కమాండును కాపీ చేసుకోవచ్చు.

షెల్ హిస్టరీ వీటి సరసన చేరదు. మనం ఏం కొట్టామో అది చెబుతుంది, ఏం జవాబొచ్చిందో చెప్పదు.

రికార్డు ఎవరి కోసం?

అసలు వాదన మొదలయ్యేది ఇక్కడ. చాలా సంస్థలు సర్వర్ల మీద అడ్మిన్లు చేసే ప్రతి పనినీ రికార్డు చేయాలని కోరుకుంటాయి. అడ్మిన్ అధికారంతో కమాండు నడపనిచ్చే సూడోకు ఆ సదుపాయం ఉంది: దాని ద్వారా నడిపిన కమాండు అవుట్‌పుట్ మొత్తం దాచి, సూడోరీప్లేతో మళ్లీ చూపిస్తుంది. వీళ్ల వాదన బలమైనదే. అర్ధరాత్రి డేటాబేసు పోయినప్పుడు ఎవరు ఏం కొట్టారు, యంత్రం ఏం చెప్పింది, వాళ్లు దాన్ని చూసి ఏం చేశారు అన్నది వరసగా దొరికితే నిందల బదులు కారణాలు బయటికొస్తాయి. తప్పు చేయనివాళ్లకు కూడా అది రక్ష.

అటువైపు వాదన రెండు రకాలు. ఒకటి రహస్యాల గురించి. పాస్‌వర్డ్ అడిగినప్పుడు టెర్మినల్ దాన్ని తెర మీద చూపదు, కాబట్టి అవుట్‌పుట్ రికార్డులో అది పడదు. కానీ అదే పాస్‌వర్డ్‌ను కమాండు లైనులోనే రాసినా, టోకెన్లున్న సెట్టింగుల ఫైలును క్యాట్ చేసినా అంతా రికార్డులో చేరుతుంది. కీబోర్డు నుంచి వచ్చేది కూడా రాసుకోమని చెబితే, దాచిన పాస్‌వర్డులు సైతం పడిపోతాయి. లినక్స్ స్క్రిప్ట్‌కు 2020లో అలాంటి ఆప్షన్ వచ్చింది. పైగా చాలా యంత్రాల్లో కొత్త ఫైలును అందరూ చదవగలిగే పర్మిషన్‌తో సృష్టించడమే మామూలు పద్ధతి. భద్రత కోసం చేసిన రికార్డే దొంగకు మొదటి నిధి కాగలదు.

రెండోది, ఆ రికార్డు దేనికి సాక్ష్యం అన్న ప్రశ్న. ‘శుభ్రం’ అనే స్క్రిప్టు ఫైలును నడిపితే తెర మీద దాని పేరొక్కటే కనబడుతుంది. అది లోపల ఏమేం తుడిచిందో టెర్మినల్ రికార్డులో ఉండదు. కెర్నెల్ స్థాయిలో నడిచే ఆడిట్ వ్యవస్థకు ఆ స్క్రిప్టు పిలిచిన ప్రతి ప్రోగ్రామునూ పట్టుకునే వీలుంది, కానీ దానికి తెర మీద మనిషి ఏం చూశాడో తెలియదు. అడ్మిన్ ఏ సందేశం చూసి ఆ పని చేశాడో తెలియాలంటే మొదటిదే కావాలి, నిజంగా ఏం నడిచిందో తెలియాలంటే రెండోది. ఇక రూట్ అధికారం, అంటే యంత్రం మీద పూర్తి అధికారం, ఉన్నవాళ్లు అదే యంత్రంలో ఉన్న ఏ రికార్డునైనా మార్చగలరు. అందుకే సూడో 1.9తో, 2020లో, రికార్డును పుట్టిన క్షణంలోనే వేరే యంత్రానికి పంపే లాగ్ సర్వరు కూడా వచ్చింది. అప్పటినుంచి ప్రశ్న ఆ రెండో యంత్రం తాళాలు ఎవరి దగ్గర ఉండాలన్న దానికి మారింది.